పదహారో రేకు

బుద్ధుడు చెప్పిన మాటను అక్షరం పొల్లు పోకుండా ఆచరిస్తున్నవారు ఈ భూమ్మీద ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉన్నారు! వారు హిమాలయాల్లో లేరు, గుహల్లో అసలే లేరు. నాగర్‌కర్నూలు జిల్లాలో, కృష్ణ ఒడ్డున, సంఘవరం అనే పురాతన బౌద్ధ పట్టణంలో ఒక ఏసీ గదిలో ఉన్నారు. వారి పేరు సంఘవరం వారసత్వ సుందరీకరణ కమిటీ.

కోరికే దుఃఖానికి మూలమన్నాడు బుద్ధుడు. దాన్ని వదిలించుకోవడానికి ఎనిమిది అంచెల దారి కూడా చూపించాడు. చూపించాడు గానీ, పిల్లా జెల్లా ఉన్నవాడు ఎనిమిది అంచెలు ఎక్కి దిగేదెప్పుడు? అందుకే కమిటీవారు దగ్గరి దారి కనిపెట్టారు. మనిషి దేన్ని చూడాలని ఆశపడి వస్తాడో, దాన్ని కనపడకుండా చేయడం! చూడటానికేమీ లేదని తెలిశాక చూడాలన్న కోరిక దానంతట అదే చస్తుంది. మనిషి తేలికపడి ఇంటికెళ్తాడు. ఇంతకన్నా నిర్వాణం ఏముంటుంది చెప్పండి?

నమ్మకం కుదరడం లేదా? అయితే గద్వాల మార్కండేయ సంగతి వినండి.

మార్కండేయ చేనేత మనిషి. యాభై రెండేళ్లు. కోరికలు పెద్దగా లేనివాడే, కానీ పోయిన నెలలో ఒక్క కోరిక గట్టిగా పట్టుకుంది. అతని తండ్రి చిన్నయ్య ‘రాతిపువ్వు అంచు’ అని ఒక అంచు నేసేవాడు. గద్వాలలో అది ఆయన ఒక్కడికే వచ్చు. నలభై ఏళ్ల కింద సంఘవరం వెళ్లి, అక్కడి బౌద్ధుల కాలం నాటి రాతిపలక మీదున్న పువ్వును గళ్ల కాగితం మీద దించుకొచ్చాడు. ఆ గ్రాఫు ముందు పెట్టుకుని, దారాలు చేత్తోనే ఎత్తుతూ జీవితమంతా నేశాడు. నిరుడు వానాకాలంలో పోయాడు. ఆయన పోయిన ఆర్నెల్లకు ట్రంకుపెట్టె తెరిస్తే, గ్రాఫులో సరిగ్గా సగం చెదలు తినేశాయి.

మిగిలిన సగంలో ఎనిమిది రేకులున్నాయి. ఇంకేం, ఎనిమిదీ ఎనిమిదీ పదహారు అనుకున్నాడు మార్కండేయ. అద్దంలో చూసినట్టు రెండో సగం గీశాడు, నేశాడు. పువ్వు అంచు గీతను దాటి ఆరు దారాల మేర బయటికి పొడుచుకొచ్చింది. కోసేసి మళ్లీ నేశాడు. మళ్లీ ఆరు దారాలు. మూడోసారి కూడా అంతే. పట్టు పాడు, పని పాడు, మొహం చూస్తే పీనుగ లేచిన ఇల్లులాగుంది.

పాత చీర ఒకటి తీసి చూసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. చాలా మంచి సలహా! కానీ నేసినవాడి ఇంట్లో చీర ఉండదు. చిన్నయ్య నేసిన ప్రతి రాతిపువ్వు చీరా ఎవరో కట్టుకోవడానికి వెళ్లిపోయింది. ఆయన కోడలు, అంటే మార్కండేయ భార్య భూలక్ష్మి, పెళ్లినాడు తప్ప గద్వాల చీర కట్టింది లేదు, అదీ వేరే అంచుదే; ఇంట్లో కట్టేది వాషింగ్‌మెషీన్‌కు కూడా జడవని నైలాను చీర.

అన్నిటికన్నా మార్కండేయను తొలిచేది ఒకటుంది. ముప్పై ఏళ్లు తండ్రి పక్క మగ్గం మీదే కూర్చుని వేరే అంచులు నేశాడు. ఒక్కనాడైనా తల తిప్పి, నాయనా ఆ పువ్వు లెక్కేంది అని అడగలేదు. నాయన ఉన్నాడు కదా, ఎప్పుడైనా అడగొచ్చు అనుకున్నాడు.

నూలు, పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారు పదో తారీకు దాకా గడువిచ్చాడు. పువ్వు కుదిరితే సరే, లేకపోతే కంప్యూటర్లో గీసి చిల్లులు కొట్టిన నెమలి డిజైను అట్టలు మగ్గానికి ఎక్కించమన్నాడు. ఒకసారి నెమలి ఎక్కిందంటే ఇక రాతిపువ్వు దిగినట్టే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

కొడుకు అరవింద్ ఫోన్‌లో రాయి ఫోటోల కోసం వెతికాడు.

“నాయనా, మున్నూరు ఫోటోలు సూసిన. రాయి ఉన్నకాడల్ల ఎవరిదో తలకాయ అడ్డమున్నది” అన్నాడు.

“ఫోటోలెందుకు, రాయి యాడికి పోతది? గాడనే ఉంటది గద” అంది భూలక్ష్మి. “పోయి లెక్కవెట్టుకొని వద్దాం పా.”

చూశారా, కోరిక ఎలా పుడుతుందో!

మరుసటి రోజు మొదటి బస్సుకే బయల్దేరారు. భూలక్ష్మి ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంది. బీచుపల్లి బ్రిడ్జి మీద ఇద్దరూ కిటికీలోంచే ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నారు. వనపర్తిలో బస్సు మారి, పాన్‌గల్ దాటి, పల్లీ చేలు చూసుకుంటూ పది గంటలకల్లా సంఘవరంలో దిగారు. చేతిలో జొన్నరొట్టెల డబ్బా, కొత్త గ్రాఫు బుక్కు, రెండు పెన్సిళ్లు.

ఊరి ముందర నలభై అడుగుల కమాను. దాని పక్కన తామరపువ్వు ఆకారంలో ఫౌంటెను. అందులో నీళ్లు ప్రారంభోత్సవం రోజు ఒక్క గంట వచ్చి ఆగిపోయాయి. సకలం అనిత్యమని ఇంత బాగా ఏ ఫౌంటెను చెప్పగలదు? ఆపైన ధ్యానమందిరం. అక్కడ మైకులో ఒక ఆడగొంతు ‘దయచేసి నిశ్శబ్దం పాటించండి’ అని తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరుస్తూనే ఉంటుంది. ఆ అరుపులో కూర్చుని ధ్యానం చేయగలిగినవాడు ఇక ఎక్కడైనా చేయగలడు. కమిటీవారు ఊరికే పెట్టలేదు.

గేటు దగ్గర గార్డు శాంతయ్య సంచి తీయమన్నాడు.

“డబ్బ బయటనే వెట్టాలె. తినేటియి లోపలికి బంద్” అన్నాడు.

“రొట్టెలే సారూ. మద్యాన్నానికి తెచ్చుకున్నం” అంది భూలక్ష్మి.

“నేనేమన్న వద్దంటున్ననా తల్లీ? బోర్డు వద్దంటున్నది.” ఆ తర్వాత గ్రాఫు బుక్కు తిరగేసి చూశాడు. “గిది గూడ నడ్వదు. లోపల కొలతలు దీసుడు మనా.”

“కొలతలు దియ్యను. రేకులు లెక్కవెట్టుకుంట, గంతే” అన్నాడు మార్కండేయ.

“లెక్కవెట్టుడు గూడ కొలతనే గద పెద్దాయన!”

పెన్సిళ్లు మొనదేలిన వస్తువుల కింద పోయాయి. రొట్టెల డబ్బాతో పాటు భూలక్ష్మి కూడా బయటే ఉండిపోయింది. ఇల్లాలిని, అన్నాన్ని, పుస్తకాన్ని వదిలేసి మనిషి ఒక్కడే లోపలికి నడిచాడు. రాజకుమారుడు సిద్ధార్థుడికి ఇదంతా వదులుకోవడానికి ఒక రాత్రంతా పట్టింది. మార్కండేయకు శాంతయ్య ధర్మమా అని ఐదు నిమిషాల్లో అయిపోయింది.

ఇక రాతిపలక. దాన్ని ఎంత భద్రంగా కాపాడుతున్నారో చూస్తే కళ్లు చెమరుస్తాయి. చుట్టూ అద్దాల గది. అద్దానికి ఏడడుగుల దూరంలో గొలుసు. మరీ దగ్గరికి పోకూడదు, మరీ దూరం పోతే కనపడదు, కాబట్టి గొలుసు దగ్గర నిలబడాలి. మధ్యేమార్గం! అద్దం మీద ‘తాకరాదు’, ‘ఆనరాదు’, ‘ఫ్లాష్ వాడరాదు’ అన్న కాగితాలు. వాటి పక్కన ప్రారంభోత్సవానికి విచ్చేసిన పెద్దల పేర్లు పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా. నడుమ మూరెడు క్యూఆర్ కోడ్. అది స్కాన్ చేస్తే ‘వివరాలు త్వరలో’ అని వస్తుంది. ఇవన్నీ పోగా మిగిలిన అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది.

మార్కండేయ గొలుసు పట్టుకుని ఎడమకు వంగాడు, కుడికి వంగాడు. గొంతుకూర్చున్నాడు. చివరికి నేల మీద మోకాళ్లూని, విరాళమిచ్చిన ఒక పెద్దమనిషి పేరుకీ ‘ఆనరాదు’కీ మధ్యనున్న సందులోంచి చూశాడు. ఒక్క రేకు కనిపించింది. అదీ మసకగా. నాయన మూడు రోజులు ఎదురుగా కూర్చుని చూసిన రాయి ఇది. తన వంతుకు ఒక్క రేకే వచ్చింది. కళ్లనిండా నీళ్లు తిరిగి, ఆ ఒక్కటీ కనపడకుండా పోయింది.

కమిటీవారికి దయ లేదనుకోకండి. రాయి కనపడనివారి కోసం బయట ఫైబర్‌తో దాని నకలు చేయించి పెట్టారు. బంగారు రంగు వేసి, చుట్టూ ఊదా లైట్లు బిగించి, ‘ఇచ్చట సెల్ఫీ దిగండి’ అని బాణం గుర్తు గీశారు. జనమంతా అక్కడే ఉన్నారు. మార్కండేయ ఆశగా వెళ్లి వేలుతో గాలిలో లెక్కపెట్టాడు. పదహారు! మళ్లీ పెట్టాడు. పదహారే. కుడి సగం, ఎడమ సగం అచ్చు గుద్దినట్టు ఒక్కలాగే ఉన్నాయి.

అక్కడ మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. కమిటీ కోఆర్డినేటర్, పేరు అఖిలేష్.

“సార్, గిది తప్పున్నది” అన్నాడు మార్కండేయ.

“తప్పా? ఎలా చెప్పగలరు అంకుల్?”

“గిదే తప్పు నేను మూడుసార్లు జేసిన. సగం జూసి తక్కిన సగం అందాజకు దించిన్రు. గిట్లుంటే పువ్వు అంచుల కూసోదు.”

అఖిలేష్ చాలా మర్యాదస్తుడు. నవ్వి, “అసలు రాయిలో ఒక పక్క కాస్త డ్యామేజీ ఉందంట అంకుల్. ఈ నకల్లో మేం పర్‌ఫెక్ట్‌గా రీస్టోర్ చేయించాం. ఇప్పటిదాకా రెండు లక్షల మంది వచ్చారు. రేకులు లెక్కపెట్టినవాళ్లు ఒక్కరూ లేరు” అన్నాడు.

“డ్యామేజీనా? యాడ? ఎంత మేర?” మార్కండేయ ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు. “జర అద్దం తీస్తరా సార్? నాలుగు నిమిషాలు. తాకను గూడ తాక.”

“అద్దం తాళంచెవి కమిటీ చైర్మన్‌గారి దగ్గర ఉంటుంది. అప్లికేషన్ పెట్టుకుంటే మూడు నెలల్లో రిప్లై ఇస్తాం.”

ఈలోగా పదో తారీకు వస్తుంది, నెమలి ఎక్కుతుంది. మార్కండేయ గేటు వైపు కాళ్లీడ్చుకుంటూ నడిచాడు. కోరిక దాదాపు చచ్చినట్టే. కమిటీవారి పద్ధతి అప్పటికి నూటికి నూరుపాళ్లు ఫలించింది.

సరిగ్గా అప్పుడు బయట నుంచి భూలక్ష్మి కేక వినిపించింది.

“ఓ అరవింద్ వాళ్ల నాయనా! ఉరికిరా! జల్ది!”

ఏ కాలో చెయ్యో విరిగిందని పరేషానై పరుగెత్తాడు. భూలక్ష్మి ప్రహరీగోడను ఆనుకుని ఉన్న ఒక రేకుల ఇంటి ముందు నిలబడి ఉంది. కూర్చుని రొట్టె తినడానికి నీడ దొరుకుతుందేమోనని వెళ్లిందట. ఆ ఇంటి ముసలమ్మ పేరు భాగ్యమ్మ. పీట వేసి, చెంబుతో నీళ్లిచ్చింది. ఆ నీళ్లు తాగుతూ భూలక్ష్మి వాకిట్లోకి చూసింది.

వాకిట్లో ముగ్గు. మధ్యలో చక్రం, చుట్టూ రేకులు. చుక్కల మీద తెల్లటి రాతిపువ్వు!

మార్కండేయ చెప్పులు విడిచి దాని ముందు గొంతుకూర్చున్నాడు. లెక్కపెట్టాడు. పదిహేను నిండు రేకులు. పదహారోది కుడివైపు చివరన సగానికే ఆగిపోయింది.

“అవ్వా, గీ రేకు సగమే ఏసినవేంది?” అన్నాడు.

“గాడ రాయి పెచ్చూడింది బిడ్డ” అంది భాగ్యమ్మ. “మా చేను గట్టు మీదుండె గా రాయి. మేం దాని మీద మిరపకాయలు ఎండవోసుకునేది. మా అత్త గా రాయిని జూశే ముగ్గేసేది. ఎట్లుంటే గట్లనే ఏసింది. నేను ఆమెను జూసి నేర్సుకున్న. నిండుగ ఏస్తే నాకు సెయ్యి తిరగదు.”

“గద్వాల నుంచి ఎవరన్న వచ్చి దాన్ని గీసుకపోయిన్రా? శానా ఏండ్లయింది.”

“ఎందుకు రాలే! బక్కపల్చటి మనిషి. మూడు దినాలు గాడనే కూసున్నడు. అన్నం నేనే వెట్టిన. పగిలినకాడ నిండుగ గీసుకో అన్న, పోనీ మంచిగుంటదని. వద్దు తల్లీ, గా పగుల్తోనే నా అంచుల సరిగ్గ కూసుంటది అన్నడు.”

సగం రేకు. ఆరు దారాలు! మార్కండేయ అక్కడే నేల మీద చతికిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ముప్పై ఏళ్లు అడగని ప్రశ్నకు నాయన ఇంకొకరి నోటితో జవాబు చెప్పాడు. భూలక్ష్మి అతని వీపు నిమురుతూ, “ఏడ్సింది సాలు, ముందు లెక్కవెట్టుకో. మళ్ల మర్సిపోతవ్” అంది.

గ్రాఫు బుక్కు శాంతయ్య దగ్గర ఉంది కదా. మార్కండేయ జేబులోంచి పట్టుదారం పోగు తీశాడు. వరసకు ఎన్ని చుక్కలున్నాయో అన్ని ముడులు వేసుకుంటూ పోయాడు. గ్రాఫులో చుక్కకో గడి. ముగ్గు మొత్తం దారంలోకి వచ్చేసింది.

ఇక్కడితో కథ సుఖాంతమయ్యేదే. కానీ మన అఖిలేష్ బాధ్యత తెలిసినవాడు. ఫీడ్‌బ్యాక్ ఫారం నింపకుండా వెళ్లిపోయిన సందర్శకుణ్ని వెతుక్కుంటూ అక్కడికి వచ్చాడు. ముగ్గు చూశాడు, ముడుల దారం చూశాడు, కథంతా విన్నాడు. ఆ అబ్బాయి కళ్లు మెరిశాయి.

“వావ్! లివింగ్ హెరిటేజ్! ఇన్నాళ్లూ గోడ పక్కనే ఉండి మేమే చూసుకోలేదు. అవ్వా, ఈ ముగ్గుని మేం ప్రొటెక్ట్ చేస్తాం. అంకుల్, మీకు కూడా ఒక ఆఫర్. ధ్యానమందిరం పక్కన అద్దాల గది కట్టిస్తాం. మగ్గం పెడతాం. పది నుంచి ఐదు దాకా మీరు అందులో కూర్చోవాలి.”

“కూసొని?”

“నేస్తున్నట్టు కనిపించాలి. అంతే.”

“చీరె ఎవరికన్న ఇయ్యొచ్చా సార్?”

“అయ్యో, లేదు లేదు. ఎగ్జిబిట్ కదా. బయటికి పోకూడదు.”

మార్కండేయ దారం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

“మా నాయన రాయిని జూసి చీరె నేసిండు సార్. మీరు నన్నే రాయిని జేస్తమంటున్రు. నాకొద్దు” అన్నాడు. అని, రొట్టెల్లో సగం భాగ్యమ్మకిచ్చి, మిగతావి భూలక్ష్మితో కలిసి తిని, ఆమెతోనే తిరుగు బస్సెక్కాడు.

ఏం మనిషండీ! జీవితంలో ఒక్కసారి అద్దాల గదిలో కూర్చునే అదృష్టం తలుపు తడితే కాలితో తన్నేశాడు. ఇలాంటివారి వల్లే చేనేత బాగుపడటం లేదని పెద్దలు ఊరికే అంటారా?

కమిటీవారు మాత్రం మాట తప్పలేదు. నాలుగు రోజుల్లో భాగ్యమ్మ వాకిలి మొత్తం కాంక్రీటు చేయించారు. దాని మీద అదే ముగ్గును ఎనామెల్ పెయింటుతో శాశ్వతంగా వేయించారు. ఆ సగం రేకు చూడటానికి బాగాలేదని పూర్తి చేయించారు. పదహారు! చుట్టూ ఎర్రతాడు కట్టి, ‘పురాతన వారసత్వం, తొక్కరాదు’ అని బోర్డు పెట్టారు. దాంతో భాగ్యమ్మ తన ఇంట్లోకి దొడ్డిదారిన పోవలసి వచ్చింది. వారసత్వం కోసం ఆ మాత్రం త్యాగం చేయవద్దా?

చేయలేదండీ ఆ ముసలమ్మ! మర్నాడు పొద్దున్నే లేచి ఎర్రతాడు విప్పి దండెం కట్టి బట్టలారేసుకుంది. బకెట్టుడు పేడనీళ్లు తెచ్చి ఎనామెల్ పువ్వు మీద చిక్కగా కళ్లాపి చల్లింది. అది ఆరగానే, కమిటీవారి పదహారు రేకుల మీద చుక్కలు పెట్టి, తన పదిహేనున్నర రేకుల పువ్వు వేసుకుని టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లింది.

ఆ సంగతి మార్కండేయకు గార్డు శాంతయ్య, గేటు రిజిస్టర్లో నంబరు చూసి, ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడతను మగ్గం మీద ఉన్నాడు. తారీకు తొమ్మిది. రాతిపువ్వు అంచు గీతకు వెంట్రుకవాసి ఇవతల ఆగి, ఒక్క దారం కూడా మించకుండా కూర్చుంది. భూలక్ష్మి పక్కనే నిలబడి మూడుసార్లు లెక్కపెట్టింది.

“అవ్వకు నోటీసొచ్చింది పెద్దాయన” అన్నాడు శాంతయ్య. “పురాతన వారసత్వాన్ని నాశనం జేసినందుకు ఏడు దినాలల్ల సంజాయిషీ ఇయ్యాల్నంట.”

“ఏమన్నది అవ్వ?”

“నోటీసు దెచ్చిన సారు సదివి వినిపిస్తే ఇన్నది. రేపు పొద్దుగాల రా సారు, మళ్ల ఏస్త, అప్పుడు సూసుకో అన్నది.”

ఈ విషయంలో నేను పూర్తిగా కమిటీ పక్షం. రాయినైతే అద్దంలో పెట్టి తాళం వేయగలిగారు. రోజూ పొద్దున్నే చెరిపేసి మళ్లీ కొత్తగా వేసుకునేదాన్ని పాపం వారు ఏ బీరువాలో పెట్టాలి? ప్రతి ఆడమనిషీ తన వాకిట్లో తానే వారసత్వాన్ని ఇలా ఉచితంగా కాపాడుకుంటూ పోతే, ఇక కమిటీ ఎందుకు, చైర్మన్‌గారెందుకు, ఆ తాళంచెవెందుకు? కఠినంగా శిక్షించవలసిందే.

అయినా కమిటీవారు దయతలిచి ఏడు రోజుల గడువిచ్చారు. అంటే ఇంకా ఏడు ముగ్గులు.